ఎడమవైపు చుక్కలు

మా పెళ్లయి పద్నాలుగు వారాలైంది. ఇంకా వారాలు లెక్కపెట్టడమేమిటని మా అక్క ఎగతాళి చేస్తుంది. ఏం చేయను, పోస్టు డబ్బా మీద మా ఇద్దరి పేర్లు ఒకే వరసలో కనిపిస్తే నాకింకా నవ్వొస్తుంది. గాజు గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉన్నా అంతే. అందుకే మూడు వారాల కిందట టోబిన్ భోజనాల బల్ల దగ్గర మా కుర్చీలు మార్చినప్పుడు మురిసిపోయాను. అంతకుముందు నేను అతనికి ఎడమపక్క, కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. "ఇటు కుడిపక్కకి రా. నిన్ను చూసుకుంటూ తింటాను" అన్నాడు. తర్వాత మంచం మీద కూడా పక్కలు మార్చుకున్నాం. వీధిలో నడిచేటప్పుడు భుజం పట్టుకుని నన్ను కుడివైపుకి తిప్పుకునేవాడు. ఈ మాత్రం దానికే అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

ఇప్పుడు అక్క ఆ ఫోన్ సంగతి ఎత్తితే మాట మార్చేస్తాను.

టోబిన్ మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్. బంతి ముందు అతని చేతికే వస్తుంది, ఎవరికి విసరాలో అతనే తేల్చాలి. నేను గణాంకశాస్త్రం చదివి, మే నెలలో పట్టా తీసుకుని, అదే జట్టు దగ్గర ఉద్యోగంలో చేరాను. ప్రతి ఆదివారం పొద్దున్న, ముందు రోజు ఆట వీడియో చూస్తూ టోబిన్ విసిరిన ప్రతి బంతినీ మైదానం బొమ్మ ఉన్న కాగితం మీద చుక్కగా పెట్టడం నా పని. ఎక్కడికి విసిరాడో అక్కడ చుక్క. ఎవరికి విసిరాడో వాళ్ల రంగు. కంప్యూటర్ ఇదంతా క్షణంలో చేసిపెడుతుంది గానీ, కోచ్ హాగ్‌స్ట్రామ్‌కి మనిషి చేత్తో పెట్టిన చుక్క మీదే నమ్మకం. అందుకని జట్టులో అందరూ నన్ను చుక్కల మేడం అంటారు.

ప్రతి చుక్క పక్కనా ఒక చిన్న అంకె కూడా వేయాలి. అది ఎన్నో చూపు అని. బంతి అందుకోడానికి మనవాళ్లు నలుగురైదుగురు పరిగెడుతుంటారు. క్వార్టర్‌బ్యాక్ ముందుగా అనుకున్న వరసలో ఒకరి తర్వాత ఒకరిని చూస్తాడు. మొదటి చూపులో ఉన్నవాడిని ఎదుటి జట్టు కమ్మేస్తే రెండోవాడు, వాడూ కాకపోతే మూడోవాడు. ఇదంతా మూడు సెకన్లలో అయిపోవాలి, ఈలోపు అతణ్ణి పడగొట్టడానికి నూట ఇరవై కిలోల మనుషులు వస్తుంటారు. మంచి క్వార్టర్‌బ్యాక్ కాగితం మడిలో జొన్నలు చల్లినట్టు ఉంటుంది. అన్ని వైపులా, అన్ని రంగులూ.

ఎడమ అంచున పరిగెత్తే టెరెల్ ఓడమ్‌ది ఎరుపు. కుడి అంచున పరిగెత్తే కోల్బీది నీలం. సెప్టెంబరులో ఒక్కో ఆటకి ఎనిమిదో తొమ్మిదో ఎర్ర చుక్కలుండేవి. అక్టోబరు రెండో శనివారం రెండు. మూడో శనివారం ఒక్కటీ లేదు. నాలుగో శనివారం ఆట చుక్కలు పెట్టడం పూర్తయ్యాక కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని చూశాను. కుడి సగం నిండా నీలం. ఎడమ సగం కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది, తెల్లగా. అది మా ఆయన కాగితం. 

మా ఊరు హాస్కెట్‌లో అందరి నోటా ఒకటే మాట. టోబిన్‌కీ టెరెల్‌కీ చెడింది. దానికి కారణం కూడా వాళ్లే దొరకబుచ్చుకున్నారు. మా పెళ్లి విందులో టెరెల్ లేచి గ్లాసు ఎత్తి, బంతులు ఎవరికెన్ని వేశాడో లెక్కరాసే పిల్లనే చేసుకున్నాడు మావాడు, ఇక తప్పులన్నీ ఇంట్లోనే సర్దేసుకుంటారు అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది టోబినే. కానీ ఆ పెళ్లికి తోడుపెళ్లికొడుకు కోల్బీ, ఇప్పుడు బంతులన్నీ కోల్బీకే. మంగలి షాపులో, పెట్రోలు బంకులో, చర్చి మెట్ల మీద ఈ రెండూ కలిపి చూసుకుని తలలూపుతున్నారు.

సోమవారం కూరగాయల కొట్టులో టెరెల్ వాళ్లమ్మ వనీటా గారు ఎదురయ్యారు. ఆవిడ స్కూలు బస్సు నడుపుతారు. ప్రతి ఆటకీ ఆరో వరసలో, అదే పచ్చ కోటు వేసుకుని కూర్చుంటారు. కోటు ఎడమ జేబులో వేయించిన పల్లీలుంటాయి. కొడుకు వైపు బంతి వచ్చినప్పుడల్లా ఒక పల్లీకాయ కుడి జేబులోకి మారుస్తారు. ఆట అయ్యాక కుడి జేబులోవి కొడుకుతో కలిసి తింటారు.

"ఏమ్మా కొత్త పెళ్లికూతురా, మీ ఆయన మెడ పట్టేసిందా? ఎడమవైపు తిరగట్లేదు" అన్నారు, నా సామాన్ల బండికి తన బండి అడ్డం పెట్టి.

ఆట ప్రణాళికే అలా ఉందని ఏదో చెప్పబోయాను. ఆవిడ జేబులోంచి గుప్పెడు పల్లీలు తీసి నా ముందు పట్టారు.

"చూడు, మెత్తబడిపోయాయి. రెండు వారాలుగా అటునుంచి ఇటు మారలేదు. శనివారం పెద్ద జట్ల వాళ్లు మావాణ్ణి చూడ్డానికి వస్తున్నారు. వచ్చి ఏం చూస్తారు, చెయ్యెత్తి ఊపుకుంటూ నిలబడ్డం చూస్తారా? నేను ఇరవై రెండేళ్లుగా బస్సు నడుపుతున్నానమ్మా. చెయ్యెత్తిన పిల్లని దాటుకుని ఒక్కరోజు కూడా ముందుకి పోలేదు."

గొంతు పెంచలేదు. ఒక పల్లీకాయ నా చేతిలో పెట్టి, మీ ఆయనకివ్వు అని వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. టోబిన్ అలాంటివాడు కాదని ఆ కొట్టు మధ్యలో నిలబడి అరవాలనిపించింది. మరి ఎలాంటివాడు, ఆ కాగితం అలా ఎందుకుంది?

జవాబు కోసం మంగళవారం ఆఫీసులో కూర్చుని పాత వీడియోలు మళ్లీ తీశాను. చుక్కలు పెట్టేటప్పుడు నేను బంతిని చూస్తాను. ఈసారి బంతిని వదిలేసి, గోలు వెనక కెమెరాలోంచి టోబిన్ హెల్మెట్ ఒక్కటే చూశాను.

అక్టోబరు మొదటి శనివారం, ఆట చివరలో, ఒకతని మోచేయి హెల్మెట్ ఊచల సందులోంచి టోబిన్ ఎడమ కంటికి తగిలింది. పడ్డాడు, లేచాడు, చప్పట్లు కొట్టాడు. ఒక్క బంతికి పక్కన కూర్చుని మళ్లీ వచ్చాడు. ఆ సాయంత్రం నేనే ఐసు పెట్టాను. తర్వాతి వారం ఎడమవైపు రెండే రెండు విసిరాడు. రెండోది ఎదుటి జట్టువాడు లాక్కుపోయాడు. వాడెక్కడి నుంచో ఊడిపడలేదు. ఎడమ అంచు నుంచి తాపీగా పరిగెత్తుకొచ్చాడు, చూసేవాళ్లందరికీ కనపడేలా. ఆ తర్వాత నుంచి టోబిన్ హెల్మెట్ ఎడమకి కొంచెం తిరిగి, బిగుసుకున్న తలుపులా ఆగి, వెనక్కి వచ్చేస్తోంది. అక్కడ టెరెల్ ఖాళీగా, చెయ్యెత్తి పరిగెడుతున్నాడు.

దానికంటే నన్ను భయపెట్టింది ఇంకొకటుంది. ఎడమవైపు నుంచి మనిషి మీదకి దూసుకొస్తుంటే ఏ క్వార్టర్‌బ్యాక్ అయినా భుజం ముడుచుకుంటాడు. అది నేర్పక్కర్లేదు, ఒంటికే తెలుస్తుంది. టోబిన్ ముడుచుకోవట్లేదు. ఎవరూ రానట్టు తిన్నగా నిలబడి ఉన్నాడు. గత శనివారం అలా మూడుసార్లు. మూడుసార్లూ మనవాడొకడు ఆఖరి క్షణంలో అడ్డుపడ్డాడు. నేను ఆ వీడియోని ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూశాను. 

ఆ సాయంత్రం బీరాక్స్ చేశాను. క్యాబేజీ, మాంసం కూరి కాల్చిన బన్నులు, టోబిన్ వాళ్ల నానమ్మ నేర్పిన పద్ధతిలో. మొదటిసారి పగలకుండా వచ్చాయి, ఇంకోరోజయితే వాటికి ఫొటో తీసేదాన్ని. ఆవాల పచ్చడి సీసా అతని పళ్లేనికి ఎడమపక్క, మోచేతి దగ్గర పెట్టాను. కావాలనే పెట్టాను.

అతను కుడివైపు చూశాడు, ముందు చూశాడు. "ఆవాల పచ్చడి అయిపోయిందా?" అన్నాడు.

వెతకడానికన్నట్టు లేచాను. అతని వెనకనుంచి ఎడమపక్కకి వచ్చి నిలబడ్డాను. టోబిన్ తింటూ, ప్రాక్టీసులో ఎవడో బూట్లు తారుమారుగా వేసుకొచ్చిన కథ చెబుతున్నాడు. నా చేతిలో ఫోర్కు ఉంది. దాన్ని అతని ఎడమ చెవి పక్కకి తెచ్చాను. అక్కణ్ణించి కణత దగ్గరకి. మెల్లగా ఊపాను. మొనలు అతని కంటికి బెత్తెడు దూరంలో ఉన్నాయి. అతను రెప్ప వేయలేదు. తన కథకి తనే నవ్వుతున్నాడు. నేను వంటింటి అలమార దగ్గర ఉన్నాననుకుని అటువైపు తిరిగి, "వింటున్నావా?" అన్నాడు.

వింటున్నానన్నాను. ఫోర్కు బల్లమీద పెట్టేశాను. కిటికీ దగ్గర నా పాత కుర్చీ ఖాళీగా ఉంది. నన్ను చూసుకుంటూ తినడానికి కాదు, అక్కడుంటే నేను కనపడను కాబట్టి ఇటు రమ్మన్నాడు.

అడిగాను. మొదట నవ్వేశాడు. తర్వాత పళ్లెం వెనక్కి నెట్టేసి, చాలాసేపు బన్ను ముక్కలు చేస్తూ కూర్చుని చెప్పాడు. దెబ్బ తగిలిన రెండు రోజులకే కంట్లో నిప్పురవ్వలు లేచాయట. తర్వాత ఎడమ మూల నుంచి నల్లటి తెర మొదలైంది. నొప్పి లేదు. రోజూ కొంచెం కొంచెం ముందుకి జరుగుతోంది. రోజూ పొద్దున్నే నేను స్నానానికి వెళ్లినప్పుడు, మంచం ఎదురుగా గోడకున్న క్యాలెండరుతో కొలుచుకుంటున్నాడట. కుడి కన్ను మూసి, ఎడమ అంచున ఆదివారంతో మొదలయ్యే గళ్లలో మధ్యనున్న బుధవారం మీద చూపు నిలిపి.

"పోయిన వారం ఆదివారం గళ్లు పోయాయి. మొన్నటికి సోమవారం గళ్లు పోయాయి. ఇవాళ పొద్దున మంగళవారంలో సగం" అన్నాడు. లెక్క ఒప్పజెప్పే పిల్లాడిలా నెమ్మదిగా అన్నాడు. అతని మోకాలు బల్లకింద ఆగకుండా ఊగుతోంది.

ఇప్పుడే డాక్టరు దగ్గరకి వెళదామన్నాను. వెళితే ఆపేస్తారన్నాడు. నాలుగేళ్లు మైదానం పక్కన బల్ల మీద కూర్చుని ఈ ఒక్క ఏడాది కోసం ఎదురుచూశానని, శనివారం సొంతూరి మైదానంలో ఆఖరి ఆట అని, ఆదివారం తనే వస్తానని, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 

"నీ నోటితో ఎవరికీ చెప్పనని మాటివ్వు, బ్రిటా."

ఇచ్చాను. ఎందుకిచ్చానంటే ఏం చెప్పను? పెళ్లయ్యాక అతను నన్ను అడిగిన మొదటి కోరిక అది.

బుధవారం పొద్దున్న నేను స్నానానికి వెళ్లలేదు. నీళ్లు తిప్పి వదిలేసి, తలుపు సందులోంచి చూశాను. టోబిన్ మంచం మీద కూర్చుని కుడి కన్ను మీద చెయ్యి పెట్టుకుని, క్యాలెండరు వైపు చూస్తున్నాడు. కాసేపటికి ఆ చెయ్యి జారి ఒళ్లో పడింది. బయటికొచ్చి ఏ వారం అని అడిగితే, "మంగళవారం పూర్తయింది" అన్నాడు.

అతను ప్రాక్టీసుకి వెళ్లగానే విచిటాలో కంటి ఆసుపత్రికి ఫోన్ చేశాను. తెలిసినవాళ్లకని చెప్పాను. దెబ్బ, నిప్పురవ్వలు, తెర, అన్నీ వరసగా చెబుతుంటే అవతలి నర్సు టైపు చేయడం ఆపేసింది. 

"ఆయన ఇప్పుడు మీ దగ్గరున్నారా?" అంది.

లేరన్నాను.

"వెతికి తీసుకురండి. రేపు కాదు, ఇవాళే. కంటి లోపలి పొర ఊడిపోతోంది. మధ్యకి వచ్చిందంటే తర్వాత మేం అతికించినా ఆ చూపు తిరిగి రాకపోవచ్చు. ఈలోపు మళ్లీ దెబ్బ గాని తగిలిందా..." అని ఆగింది.

మైదానంలోకి పరిగెత్తాను. టోబిన్‌ని గోడ పక్కకి లాగి చెప్పాను. శనివారానికి మూడు రోజులే కదా అన్నాడు. మూడు రోజుల్లో బుధవారం, గురువారం, శుక్రవారం గళ్లున్నాయన్నాను. అతని మొహం పాలిపోయింది గానీ మాట మారలేదు. నువ్వు మాటిచ్చావు అని మాత్రం అన్నాడు.

మధ్యాహ్నం కోచ్ గదికి బయల్దేరాను. మాట తప్పాలనే బయల్దేరాను. మెట్లెక్కుతూ ఏమని మొదలుపెట్టాలో లోపల్లోపల వల్లించుకున్నాను. ఒక్కో మెట్టుకీ ఆ వాక్యం చిన్నదైపోతూ వచ్చింది. తలుపు తీసేసరికి లోపల టోబిన్, టెరెల్ ఇద్దరూ పాత సోఫాలో కూర్చుని ఉన్నారు. టోబిన్‌కి ఎడమపక్క టెరెల్. కోచ్ తన బల్ల మీద నా మూడు కాగితాలూ పరిచి పెట్టాడు.

"రామ్మా, నీ కోసమే చూస్తున్నాం" అని, కాగితాల మీద వేలితో కొట్టాడు కోచ్. "ఒరేయ్, ఇది మైదానమా, ఎవరో సగం కోసుకుపోయిన కేకా? పెళ్లి గొడవో, పేరంటం గొడవో నాకనవసరం. శనివారానికి ముందే, ఈ గదిలోనే తేల్చుకోండి."

టెరెల్ కాళ్లు ముందుకి చాపుకుని కూర్చున్నాడు. తనకే గొడవా లేదని చెప్పాడు. పెళ్లిలో వేసిన జోకు టోబిన్‌కి గుచ్చుకుని ఉంటే అప్పుడే నాలుగు తిట్టి ఉండాల్సిందని, మూడు వారాలుగా అమ్మకి జవాబు చెప్పలేక చస్తున్నానని అన్నాడు.  తర్వాత టోబిన్ వైపు చెయ్యి చాపాడు.

టోబిన్ కోచ్ వైపు చూస్తున్నాడు.

టెరెల్ చెయ్యి గాల్లో అలాగే ఉంది. వేళ్లకి చుట్టిన తెల్ల పట్టీల చివర్లు ఊడి ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు... ఆటలో ఒక బంతికి పట్టేంత సమయం గడిచిపోయింది. కోచ్ చూపు ఆ చేతి మీదే ఉంది. అతని మెడ ఎర్రబడటం మొదలైంది. టోబిన్ మాత్రం తన వంతు వచ్చేదాకా ఓపిగ్గా కూర్చున్నవాడిలా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

టెరెల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "సరే. నీ ఇష్టం" అని లేవబోయాడు.

"ఏది నా ఇష్టం?" అన్నాడు టోబిన్.

టెరెల్ నవ్వాడు. అలాంటి నవ్వు నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు వెళ్లనిస్తే వీళ్లిద్దరూ జన్మలో మాట్లాడుకోరు. టోబిన్ శనివారం ఆ తెరతోనే మైదానంలోకి వెళతాడు, ఎడమవైపు నుంచి ఎవడో వస్తాడు, ఇతను తిన్నగా నిలబడి ఉంటాడు. నోరు తెరిచాను. మాట రాలేదు. మాటిచ్చినందుకో, భయానికో నాకే తెలీదు.

వెళ్లి టెరెల్ మణికట్టు పట్టుకున్నాను. రెండో చెయ్యి టోబిన్ నెత్తిమీద పెట్టాను, తల తిప్పకుండా. నేనేం చేయబోతున్నానో అతనికి ఆ క్షణమే అర్థమైంది. నా అరచేతి కింద అతని తల బిగుసుకుంది. విదిలించుకుంటాడనుకున్నాను. విదిలించుకోలేదు.

టెరెల్ చేతిని టోబిన్ ఎడమ చెవి పక్కకి తెచ్చాను. కోచ్ ఏదో అనబోయి ఆగాడు. చేతిని మెల్లగా ముందుకి జరిపాను. చెవి దాటింది. కణత దాటింది. ఆ పట్టీ చివర టోబిన్ ఎడమ కంటి వెంట్రుకలకి దాదాపు తగులుతోంది. రెప్ప కదల్లేదు. చెంప దాటి ముక్కు దగ్గరకి రాగానే ఉలిక్కిపడ్డాడు.

 కోచ్ లేచి నిలబడి, నా కాగితాల మీదున్న తెల్లటి సగాన్ని చూశాడు, టోబిన్‌ని చూశాడు. మళ్లీ కూర్చున్నాడు.

"ఒరేయ్ టోబిన్" అన్నాడు టెరెల్. "నేనక్కడ మూడు వారాలుగా చెయ్యి ఊపుతున్నాన్రా."

"తెలుసు. నువ్వక్కడుంటావని తెలుసు. కనపడట్లేదు."

"చెప్పొచ్చుగా. చూడకుండా వేసినా పట్టుకునేవాణ్ణి."

"చూడకుండా వేస్తే నువ్వు ఎగిరి పట్టుకునే టైముకి నీ పక్కటెముకల మీదకి ఎవడొస్తున్నాడో నాకు తెలీదురా. నా కన్ను పోతే పోయింది, నీ నడుం విరగ్గొట్టమంటావా?"

 టెరెల్ టోబిన్ చేతిని అందుకుని, గట్టిగా ఊపి, వదలకుండా కూర్చున్నాడు. తర్వాత నావైపు తిరిగి, "చుక్కల మేడం, బండి తాళాలు నా దగ్గరున్నాయి, పదండి" అన్నాడు.

విచిటాకి గంటన్నర దారి. టెరెల్ బండి నడిపాడు. నేను వెనక సీట్లో టోబిన్‌కి ఎడమపక్క కూర్చున్నాను.  బండి గుంతలో పడ్డప్పుడల్లా టోబిన్ నా మోకాలు నొక్కేవాడు, నేను కళ్లు మూసుకునేదాన్ని. ఆ కుదుపుకే ఆ పొర ఊడిపోతుందేమోనని.

డాక్టరమ్మ దీపం పెట్టి చాలాసేపు చూసింది. ఎప్పుడు మొదలైందని అడిగితే టోబిన్ మూడు వారాలన్నాడు. ఆవిడ కలం కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, ఇరవై మూడేళ్ల ఆ మొహాన్ని కాసేపు చూసింది. క్యాలెండరు సంగతి నేను చెప్పాను.

"బుధవారం ఇంకా ఉందా?" అని అడిగింది ఆవిడ.

"పొద్దున ఉంది. ఇప్పుడు అంచు వణుకుతోంది" అన్నాడు టోబిన్.

మర్నాడు పొద్దున ఏడింటికి ఆపరేషన్ చేశారు. మధ్యభాగం వెంట్రుకవాసిలో దక్కినట్టుందని, అయినా ఆరు వారాలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేనని డాక్టరమ్మ అంది. కంట్లో గాలిబుడగ పెట్టారు. అది ఆ పొరని నొక్కి ఉంచడానికి, వారం రోజులు మొహం నేలవైపే ఉంచి పడుకోవాలి.

శనివారం ఆట మేం రేడియోలో విన్నాం. మంచం అంచున టోబిన్ బోర్లా పడుకుని మొహం కిందకి వేలాడేశాడు. నేను నేలమీద వెల్లకిలా పడుకున్నాను, అతని కుడి కంటికి ఎదురుగా. అలా పడుకుని స్ట్రాతో ఇద్దరం ఒకే గ్లాసులో నిమ్మరసం తాగాం. నాకు అంతలోనే నవ్వొచ్చింది, ఆ నవ్వుకి సిగ్గేసింది. టోబిన్ బదులు మొదటి ఏడాది కుర్రాడు ఆడాడు. వాడి మొదటి బంతి టెరెల్ తలమీంచి పోయింది. రెండోది పట్టుకున్నాడు. తర్వాత ఇంకో ఎనిమిది. మనవాళ్లు నాలుగు పాయింట్లతో ఓడిపోయారు. టోబిన్ నేలని చూస్తూ, "ఆ ఆఖరిది కోల్బీకి వేయాల్సింది, అతను మూడో చూపులో ఖాళీగా ఉండుంటాడు" అన్నాడు.

సాయంత్రం వనీటా గారు ఫోన్ చేశారు. సోమవారం తను అన్న మాటలకి ఏదో చెప్పబోయి, చెప్పలేక, కుడి జేబు నిండిందని చెప్పారు. "మీ ఆయన బోర్లా పడుకుని పల్లీలు తినగలడా? మెత్తబడినవి కాదులే, ఇవాళ వేయించినవే" అన్నారు.

ఆదివారం పొద్దున మొదటిసారి కట్టు విప్పి నేనే మందు చుక్కలు వేయాలి. నర్సు రెండుసార్లు చూపించి పంపింది. ఆదివారాలు చుక్కలు పెట్టడం నాకు అలవాటే. కానీ ఈ చుక్క తప్పిపోతే కాగితం మార్చడానికి లేదు. చేతులు కడుక్కుని వచ్చి, నేలమీద పడుకుని, పైకి చూస్తూ కట్టు ఊడదీశాను. కన్ను వాచి, ఎర్రగా, ఎవరిదో కన్నులా ఉంది. మొదటి చుక్క నా చెంప మీదే పడింది. రెండోదానికి అతను తల కాస్త పక్కకి తిప్పాడు, సరిగ్గా పడింది.

కంట్లో ఇంకా గాలిబుడగే ఉంది కాబట్టి ఏమీ కనపడదని డాక్టరమ్మ ముందే చెప్పింది. అడగకూడదనుకుంటూనే, ఏమన్నా తెలుస్తోందా అని అడిగాను.

 నేను టోబిన్ ఎడమవైపు చూశాను. అటుపక్క కిటికీ తెర పూర్తిగా తీసేసి ఉంది.

"అంతా నీళ్లలోంచి చూసినట్టుంది. నువ్వు కనపడట్లేదు" అన్నాడు. "కానీ ఆదివారం వైపు కొంచెం వెలుతురుగా ఉంది, బ్రిటా."

నిజమేనా అని మళ్లీ అడగలేదు. కట్టు తిరిగి వేసి, లేచి, కిటికీ తెర మూయకుండా అక్కడే నిలబడ్డాను.